ఊరివాళ్ల పండుగకు దూరపు చుట్టాలు

భీష్మ ఏకాదశినాడు నరసాపురం రేవులో పంటు ఎక్కాలంటే తెల్లవారకముందే బయలుదేరాలి. వశిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డున, నది సముద్రంలో కలిసేచోట, అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కదిలే రోజు అది. దశమి రాత్రి కల్యాణం, మర్నాడు రథోత్సవం. మొగల్తూరు, పేరుపాలెం, కాళీపట్నం వైపు జనమంతా రేవు దారి పడతారు. హైదరాబాదులో ఉన్నవాళ్లు, అమెరికాలో ఉన్నవాళ్లు, ఆ నెలలో సెలవు దొరికితే కువైట్‌లో ఉన్నవాళ్లు కూడా అందులో ఉంటారు. వాళ్లకు వేరే ఆహ్వానపత్రిక ఉండదు, ప్రత్యేకమైన పందిరి ఉండదు. అయినా వస్తారు.

రథం కదలడానికి ముందు జరిగే తతంగాన్ని శ్రద్ధగా చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. మొగల్తూరు కలిదిండి రాజవంశీకులు ఈ ఆలయానికి అనువంశిక ధర్మకర్తలు. వారు కొబ్బరికాయ కొట్టాక రథం కదులుతుంది. ఇప్పుడున్న ఆలయాన్ని కట్టించినవారు మాత్రం రాజులు కారు. కొపనాతి కృష్ణమ్మ అనే అగ్నికులక్షత్రియుడు ఆ ఖర్చు భరించి 1823లో నిర్మాణం పూర్తి చేయించాడు. ఆ కులంవారికి, అంటే సముద్రాన్ని నమ్ముకుని బతికే మత్స్యకారులకు, ఆ గుడి మీద, రథం మీద ఉన్న మమకారం అక్కడి నుంచి వచ్చింది. రథం వెళ్లి స్వామి సోదరిగా కొలిచే గుర్రాలక్క గుడి దగ్గర ఆగుతుంది. అక్కడ ఆమెకు చీర, సారె ఇస్తారు. ఇలా ఎవరి పాత్ర వారికుంది. ఒకరి పని ఇంకొకరు చేయడానికి వీల్లేదు, ఒకరు రాకపోతే రెండోవారి పని ముందుకు సాగదు. పరిపాలన దేవాదాయశాఖదే కావచ్చు, తీర్థం మాత్రం ఊళ్లది. 2020 సెప్టెంబరులో ఆ రథం అగ్నికి ఆహుతైన రాత్రి తరవాత ఈ ప్రాంతంలో పెల్లుబికిన దుఃఖం, కోపం చూసినవారికి ఆ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. 2021 ఫిబ్రవరిలో కొత్త రథం సిద్ధమయ్యేదాకా తమ ఇంట్లో ఏదో కొరత ఉన్నట్టే జనం మసిలారు.

దూరదేశాల్లో స్థిరపడిన మనవాళ్లను పుట్టిన నేలకు రప్పించే వారసత్వ ఉత్సవాలు జరపాలని ఇప్పుడు చాలామంది ఆలోచిస్తున్నారు. మంచి ఆలోచన. నేను మనసారా సమర్థిస్తాను. అయితే అలాంటి ఉత్సవంలో ఊళ్లోనే ఉండిపోయినవారి స్థానం ఏమిటన్న ప్రశ్నకు ముందుగా జవాబు వెతకాలి. ఉత్సవ పర్యాటకాన్ని పరిశీలించే సామాజిక శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నమీద నాలుగైదు దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. వారికి దొరికిన స్పష్టమైన ఉదాహరణల్లో ఒకటి స్కాట్లండ్.

స్కాట్లండ్ జనాభా 50 లక్షల పైచిలుకు. తమ పూర్వీకులది ఆ దేశమని చెప్పుకునేవారు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలండ్‌లలో అంతకు ఎన్నో రెట్లు ఉంటారు. 18, 19 శతాబ్దాల్లో భూస్వాములు ఉత్తరాది కొండ ప్రాంతాల రైతులను భూముల నుంచి వెళ్లగొట్టి గొర్రెల మేతకు ఆ నేలను మళ్లించారు. ఓడలెక్కినవారిలో వాళ్లు చాలామంది. ఆ సంతతివారు ఇంటిపేరు పట్టుకుని, వంశవృక్షం పట్టుకుని తిరిగి రావడాన్ని పాల్ బసు అనే మానవశాస్త్రవేత్త ‘హైలాండ్ హోమ్‌కమింగ్స్’ అనే గ్రంథంలో 2007లో వివరంగా రాశారు. వారికి అది విహారయాత్ర కాదని, తీర్థయాత్రతో సమానమని ఆయన పరిశీలన. పాడుబడిన రాతిగోడల మధ్య నిలబడి కన్నీళ్లు పెట్టుకునేవారు అందులో ఉన్నారు.

ఆ భావాన్ని ఆధారం చేసుకుని అక్కడి ప్రభుత్వం 2009ని ‘హోమ్‌కమింగ్’ సంవత్సరంగా ప్రకటించింది. జాతీయకవి రాబర్ట్ బర్న్స్ పుట్టి 250 ఏళ్లయిన సందర్భం అది. ఏడాది పొడవునా వందల కార్యక్రమాలు జరిగాయి. వాటిలో పెద్దది జులై 25, 26 తేదీల్లో ఎడింబరో నగరంలోని హోలీరూడ్ పార్కులో జరిగిన ‘ద గ్యాదరింగ్’. సుమారు 47 వేలమంది వచ్చారు. వంశాలవారీగా జెండాలు పట్టుకుని రాజవీధిలో నడిచారు. చూడటానికి కన్నులపండువ. ఉత్సవం ముగిశాక దాన్ని నడిపిన ప్రైవేటు కంపెనీ అప్పుల్లో మునిగి చేతులెత్తేసింది. సరుకులు, సామగ్రి, సేవలు అందించిన చిన్న వ్యాపారులకు బాకీలు మిగిలిపోయాయి. 2010లో ఆ దేశపు ఆడిటర్ జనరల్ దీనిమీద నివేదిక ఇవ్వవలసి వచ్చింది. దూరం నుంచి వచ్చినవారు జ్ఞాపకాలు మూటగట్టుకుని వెళ్లారు, దగ్గరుండి పనిచేసినవారు బాకీల చిట్టాతో మిగిలారు. ఉత్సవం నిర్మాణంలోనే స్థానికుడికి ప్రేక్షకుడి స్థానమో, సరుకు సరఫరాదారు స్థానమో తప్ప వేరేది లేకపోతే, నష్టం వచ్చినప్పుడు మాత్రం అతనికి పెద్దపీట దక్కుతుంది.

ఐర్లండ్ 2013లో ఇదే పేరుతో చేసిన ప్రయత్నం కొంత భిన్నం. రాజధానిలో ఒక పెద్ద సభ పెట్టడం కన్నా ఊరూరా చిన్న కలయికలు జరపడం మేలని అక్కడివారు భావించారు. పాఠశాల పూర్వవిద్యార్థులు, ఒకే ఇంటిపేరువారు, ఆటల క్లబ్బులు ఎవరికివారే తమవాళ్లకు ఉత్తరాలు రాసుకుని పిలుచుకున్నారు. దాదాపు 5,000 కార్యక్రమాలు అలా జరిగాయి. దీనికీ విమర్శ తప్పలేదు. ప్రవాసులను జేబులుగానే చూస్తున్నారని ప్రసిద్ధ నటుడు గేబ్రియల్ బర్న్ బహిరంగంగానే నొచ్చుకున్నాడు. ఆ మాట నిర్వాహకులను బాధపెట్టి ఉండవచ్చు. కానీ ప్రవాసిని డబ్బుగాను, స్థానికుణ్ణి అలంకారంగాను చూసే ఉత్సవం ఇద్దరినీ అవమానిస్తుందన్న నిజం అందులో ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఉదాహరణ స్కాట్లండ్ పడమటి తీరాన బారా అనే చిన్న దీవిది. 1981లో అక్కడి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, ఊరిపెద్దలు తమ పిల్లలకు గేలిక్ భాషలో పాట, వాద్యం, నాట్యం నేర్పడానికి ‘ఫేష్’ అనే వేసవి ఉత్సవం మొదలుపెట్టారు. బయటివారిని రప్పించాలన్న ఉద్దేశం దానికి లేదు. భాష చేజారిపోతోంది, పిల్లల చేతికి అందించాలి, అంతే. ఆ పద్ధతి దీవి నుంచి దీవికి, ఊరి నుంచి ఊరికి పాకి నేడు స్కాట్లండ్ అంతటా అలాంటి ఉత్సవాలు నడుస్తున్నాయి. ఇప్పుడు దూరదేశాల నుంచి వచ్చే స్కాట్లండ్ సంతతివారు బతికున్న పాటను వినాలంటే వెతుక్కుంటూ పోయేది అలాంటిచోట్లకే. ఇంట్లో పొయ్యి వెలుగుతుంటేనే చుట్టానికి అన్నం.

పాల్గొనడం అనే మాటకు శాస్త్రంలో ఒక కొలబద్ద ఉంది. 1969లో షెర్రీ ఆర్న్‌స్టైన్ అనే అమెరికన్ పరిశోధకురాలు పౌరుల భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా వర్ణించింది. అడుగు మెట్ల మీద జనాన్ని పిలిచి కూర్చోబెట్టి తమ మాటకు తలూపించుకుంటారు. నడిమి మెట్ల మీద సమాచారం ఇస్తారు, అభిప్రాయం అడుగుతారు, కానీ నిర్ణయం మార్చరు. పై మెట్ల మీద మాత్రమే నిర్ణయంలో, డబ్బులో, బాధ్యతలో నిజమైన వాటా ఉంటుంది. మన ఊళ్లలో జరిగే చాలా ‘ప్రజా భాగస్వామ్య’ సభలను ఈ నిచ్చెనకు ఆనించి చూస్తే మూడు, నాలుగు మెట్లు దాటవు. మహిళలతో ముగ్గులు వేయించి, పిల్లలతో కోలాటం ఆడించి, వేదిక ముందు కుర్చీలు నింపితే భాగస్వామ్యం అయిపోయిందనుకుంటారు. ఆ కోలాటం ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అని తేల్చిన గదిలో వాళ్లెవరూ ఉండరు.

రెండో కొలబద్ద జార్జి డాక్సీ 1975లో ప్రతిపాదించాడు. పర్యాటకులు పెరిగేకొద్దీ స్థానికుల మనసు నాలుగు దశలు దాటుతుందని ఆయన సిద్ధాంతం: మొదట ఉత్సాహం, తరవాత ఉదాసీనత, ఆపైన చిరాకు, చివరకు పగ. ప్రతిచోటా ఇదే వరుసలో జరగాలని లేదని తరవాతి పరిశోధకులు సవరించారు. తమకు అందే లాభం, పడే భారం ఎలా ఉన్నాయన్న లెక్కనుబట్టి స్థానికుల వైఖరి మారుతుందని చెప్పారు. మన డెల్టాలో సంక్రాంతి మూడురోజులూ ఈ సిద్ధాంతానికి ప్రత్యక్ష ప్రయోగశాల. భోగిమంట, గొబ్బెమ్మలు, హరిదాసు, గంగిరెద్దు, కొత్తల్లుడి రాక, ఇవన్నీ ఇంటి ముంగిట జరిగేవి. ఇరవై ముప్పై ఏళ్లలో వాటిని పక్కకు నెట్టి కోడిపందేల బరులు పండుగ ముఖచిత్రమయ్యాయి. చట్టం నిషేధించినా, హైకోర్టు ఆదేశాలున్నా బరులు వెలుస్తూనే ఉన్నాయి. ఫ్లడ్‌లైట్ల వెలుగులో రాత్రంతా నడుస్తాయి. ఎక్కడెక్కడి నుంచో కార్లు వస్తాయి. భీమవరంలో లాడ్జి గది దొరకదు. ఆ మూడురోజులూ ఆసుపత్రికి వెళ్లాల్సిన ముసలమ్మ, బస్సు కోసం నిలబడ్డ కూలిమనిషి, ఇంట్లో ఇరవైమందికి వండిపెట్టే ఇల్లాలు ఏ దశలో ఉన్నారో డాక్సీని అడగక్కర్లేదు. పండుగ అతిథులది అయిపోయినప్పుడు ఊరివాళ్లు తమ ఊళ్లోనే పక్కకు తప్పుకుని నడవవలసి వస్తుంది. ఈ మాట రాయడానికి నాకు నొప్పిగా ఉంది, ఎందుకంటే సంక్రాంతిని మించిన పండుగ నా మనసులో లేదు.

ఇక ప్రవాసులు అంటే ఎవరు? ఉత్సవాలు తలపెట్టేవారి ఊహలో ప్రవాసి అంటే కాలిఫోర్నియాలోనో టెక్సస్‌లోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కానీ గోదావరి డెల్టా నుంచి వలస ఒక్క పాయ కాదు. 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచి ఓడలెక్కి మారిషస్ చెరకు తోటలకు వెళ్లినవారున్నారు. అక్కడ వారిని ‘కోరంగీలు’ అని రేవు పేరుతోనే పిలిచారు. రంగూన్‌కు వెళ్లి, యుద్ధకాలంలో కాలినడకన తిరిగొచ్చినవారున్నారు. ఇక మా మొగల్తూరు, నరసాపురం ప్రాంతాల నుంచి కువైట్, దుబాయి, మస్కట్‌లకు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఎందరో. వారి సంపాదనతో ఇళ్లు లేచాయి, ఆడపిల్లల పెళ్లిళ్లయ్యాయి, కొడుకుల చదువులు సాగాయి. రెండేళ్లకోసారి దొరికే సెలవు పండుగ తేదీని చూసుకుని రాదు. వారిని ప్రవాసులుగా ఎవరూ సన్మానించరు, స్థానికులుగా ఎవరూ సంప్రదించరు. బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఆమ్‌స్టర్‌డ్యామ్ విశ్వవిద్యాలయం కలిసి కోస్తాంధ్రలో చేసిన అధ్యయనం ఒకటుంది. విదేశాల నుంచి ఊళ్లకు వచ్చే విరాళాలు ఎక్కువగా కులం, బంధుత్వం అనే కాలువల వెంటే పారుతున్నాయని అది తేల్చింది. మూలాల పండుగ కూడా ఆ కాలువల్లోనే పారితే ఊరు మొత్తానికి తడి అందదు.

కాలువ మాట ఊరికే వాడలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టా మనిషికి పంపకం అంటే ఏమిటో నీళ్లే నేర్పాయి. ఎగువన ఎంత నీరు వదిలారన్నది ఒక లెక్క, శివారు చేను తడిసిందా లేదా అన్నది ఇంకో లెక్క. మొగల్తూరు శివారు ప్రాంతం. పంటకాలువ చివర ఉన్న రైతుకు ఎగువ అంకెలతో పనిలేదు. ఉత్సవాల ఆర్థికశాస్త్రంలో దీన్నే లీకేజీ అంటారు. వేదిక, దీపాలు, భోజనాలు, కళాకారులు, ప్రచారం అన్నీ విజయవాడ, హైదరాబాదు కంపెనీలకు గుత్తకిస్తే అతిథి ఖర్చుపెట్టిన రూపాయి ఊళ్లో ఒక్కరాత్రి కూడా నిద్రచేయదు. అదే రూపాయి వంటమనిషికి, ఆటో డ్రైవరుకు, చేపలమ్మే ఆమెకు, పందిరివేసే మేస్త్రికి చేరితే ఊళ్లోనే మూడునాలుగు చేతులు మారుతుంది. గండి ఎక్కడ పడుతోందో చూడకుండా ఎగువన తలుపులెత్తితే లాభం లేదు.

లేసు సంగతి ఇక్కడే చెప్పాలి. సూది కాని సూదితో, దారంతో మా ప్రాంతపు ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని అల్లే లేసు కథలో స్కాట్లండ్ కూడా ఉంది. 19వ శతాబ్దం నడుమ మెక్‌రే దంపతులు అనే స్కాట్లండ్ మిషనరీలు ఈ పని నేర్పారని ఎక్కువగా చెప్పుకుంటారు. నేర్చుకున్న పనిని నరసాపురం చుట్టుపక్కల స్త్రీలు తరతరాలుగా తమదిగా మలుచుకున్నారు. ప్రపంచమంతా ఆ లేసు వెళ్లింది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ ఇక్కడికి వచ్చి అధ్యయనం చేసి ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్’ అనే గ్రంథాన్ని 1982లో ప్రచురించింది. ఆమె కనుగొన్న సత్యం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. రోజుకు 6 నుంచి 8 గంటలు అల్లే ఆ స్త్రీలను వ్యాపారులు కార్మికులుగా కాక, తీరిక వేళల్లో కాలక్షేపం చేసే గృహిణులుగా లెక్కించారు. అందువల్ల వారికి దక్కింది వ్యవసాయ కూలీకన్నా తక్కువ. 2024లో నరసాపురం క్రోచెట్ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గర్వించాల్సిందే. వారసత్వ ఉత్సవంలో లేసు దుకాణం తప్పకుండా పెడతారు కూడా. ఆ దుకాణంలో అల్లిన మనిషి నిలబడి తన పనికి తనే ధర చెబుతుందా, లేక ఆమె ఫొటో గోడమీద ఉండి ధర మధ్యవర్తి చెబుతాడా? మీస్ నలభై ఏళ్ల కిందట అడిగిన ప్రశ్న ఉత్సవ మైదానంలో మళ్లీ లేస్తుంది.

ఇవన్నీ చదివి, ప్రవాసుల కోసం ఉత్సవం చేయడమే తప్పని ఎవరైనా అనుకుంటే నా ఉద్దేశం అది కాదు. నది దాటి కోనసీమలోకి వెళ్తే కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. మొసలపల్లి దగ్గరి కొబ్బరితోటలోకి 11 ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభలమీద వస్తారు. ఏ ఊరి ప్రభను ఆ ఊరివారే వెదుళ్లతో, రంగుల నూలుతో, నెమలిపింఛాలతో సిద్ధం చేసుకుంటారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు పచ్చని వరిచేల నడుమ నుంచి, కౌశిక ఏటి నీళ్లలోంచి భుజాలమీద వస్తాయి. తన చేను తొక్కుడుపడినా రైతు దాన్ని శుభంగానే తలుస్తాడు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఊరేగింది ఈ తీర్థమే. అక్కడికి దేశదేశాల నుంచి ఆ ఊళ్లవాళ్లు వస్తారు. వచ్చినవాడికి కొనుక్కోవడానికి టిక్కెట్టు లేదు, వెదురు కింద భుజం పెట్టడానికి చోటుంది. ఎంత పెద్ద ఉద్యోగమైనా ఆ వరుసలో పొడుగునుబట్టే నిలబెడతారు. ఏటి నడుమ ప్రభ ఒరిగినప్పుడు పక్కవాడు వేసే కేకను అతను పాటించాల్సిందే.

యునెస్కో 2003లో రూపొందించిన అమూర్త వారసత్వ ఒడంబడిక 15వ అధికరణం, పండుగ ఊరివాళ్ల చేతిలో ఉండాలన్న ఈ మాటనే న్యాయభాషలో చెప్పింది. వారసత్వాన్ని సృష్టించి, కాపాడి, అందించే సముదాయాలు దాని నిర్వహణలో చురుగ్గా భాగం కావాలని కోరింది. 2005లో మన దేశం దాన్ని ఆమోదించింది. ఆచరణకు కావలసిన సాధనం కూడా మన చేతిలో ఉంది. 73వ రాజ్యాంగ సవరణ ఇచ్చిన గ్రామసభ అది.

మొగల్తూరులో అలాంటి ఉత్సవం తలపెడితే మొదట తేల్చవలసింది తేదీ. సంక్రాంతికి హైదరాబాదు పిల్లలకు సెలవులు కలిసొస్తాయి, కానీ అప్పుడు దాళ్వా నాట్లు, కూలిమనిషికి ఖాళీ ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం, మత్స్యకారులు ఇంటిపట్టున ఉంటారు, చేతిలో డబ్బు మాత్రం ఉండదు. అప్పుడు పనిదొరికితే వారికి ఆసరా. తేదీ ఎవరి వీలునుబట్టి పెట్టామన్నదే ఉత్సవం ఎవరిదో చెప్పేస్తుంది. రెండోది పద్దు. వచ్చిన విరాళం, అయిన ఖర్చు పంచాయతీ గోడమీద రాయాలి, గ్రామసభలో చదవాలి. వంట, బస, రవాణా పనులకు డ్వాక్రా సంఘాలను, స్థానిక యువకులను మొదట అడగాలి, మిగిలితే బయటికి ఇవ్వాలి. దళితవాడ, మత్స్యకార పేట, పెద్దవీధి, ముస్లిం వీధి, చర్చి వీధి అన్నిటి నుంచీ మనుషులు నిర్ణయం చేసే బల్ల దగ్గర ఉండాలి, వారికి కాదనే హక్కు ఉండాలి. పోటీలు, సినిమా పాటల రాత్రి గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. జనం కోరుకుంటే పెట్టుకోవచ్చు.

ఫలితాన్ని కొలిచే తీరు కూడా మారాలి. ఎంతమంది వచ్చారన్నది సులువుగా దొరికే అంకె, అందుకే అందరూ దాన్నే చెబుతారు. ఉత్సవానికి ముందు, తరవాత ఊరివారిని ఇంటింటా అడగాలి: మీకేం దక్కింది, మీకేం భారమైంది, వచ్చే ఏడాది చేయమంటారా? అతిథుల ఖర్చులో ఎంత మండలంలో మిగిలిందో లెక్కగట్టాలి. నరసాపురం, భీమవరం కళాశాలల విద్యార్థులు ఒక వారంలో చేయగల పని ఇది. నాకు తెలిసినంతలో ఎవరూ చేయలేదు.

ఇంకొక్క సంగతి. మారిషస్‌లోని మోకా పట్టణంలో మహాత్మాగాంధీ సంస్థ ఉంది. ఒప్పంద కూలీలుగా వెళ్లినవారి నమోదు పుస్తకాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. సంఖ్య, పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, జిల్లా అన్నీ నమోదై ఉంటాయి. వాళ్ల ముని మనవలు ఆ పుటకు నకలు తీసుకుని మూలాలు వెతుక్కుంటూ బయలుదేరుతారు. ఆనాటి గుమాస్తా చెవికి వినిపించిన తెలుగు ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో తోచినట్టు రాశాడు. పటంలో వెతికితే అది దొరకదు. కార్యాలయాల్లో అడిగితే అలాంటి గ్రామం జాబితాలో లేదంటారు. కానీ ఆ అక్షరాలను నాలుగుసార్లు పైకి చదివి వినిపిస్తే, ఇది ఏరు కోసేసిన ఫలానా లంక పాతపేరు అనో, ఆ చెరువుగట్టు పక్క పేట అనో, ఆ ఇంటిపేరువాళ్లు రెండు గడపలు ఇంకా ఉన్నారనో చెప్పగల పెద్దలు మా వీధి అరుగుల మీద ఉన్నారు. లేసు అల్లుతూ ఒకరు, వల బాగుచేసుకుంటూ ఒకరు. వాళ్ల పేర్లు ఇప్పటిదాకా ఏ ఉత్సవ కమిటీ కాగితంలోనూ ఎక్కలేదు.